సాక్షి ఉన్నాడా, లేడా?

(నల్లగొండలో ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు నమస్కారం.

ఈ రోజు నాకు ఇచ్చిన అంశం "చైతన్యం: భారతీయ, పాశ్చాత్య దృక్పథాలు". ఆహ్వానపత్రంలో భారతీయ, పాశ్చాత్య అనే మాటల మధ్య ఒక కామా ఉంది. నా పేచీ అంతా ఆ కామాతోనే. దానికి అటువైపు ఒక దేశం, ఇటువైపు ఒక ఖండం నిలబడి, ఒకరు ఆత్మ అంటారని, మరొకరు మెదడు అంటారని మనం అనుకుంటాం. ఇలాంటి సభల్లో మామూలుగా జరిగేది కూడా అదే. వక్త లేచి, పడమటివాళ్లు జడవాదులు, మనం ఆత్మవాదులం అంటాడు. వాళ్లు ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్నది మన ఋషులు ఏనాడో చెప్పేశారు అంటాడు. చప్పట్లు పడతాయి. చప్పట్లంటే నాకూ ఇష్టమే. కానీ ఆ మాట నిజం కాదు. అంతకంటే పెద్ద నష్టం, అది మన పూర్వులను చిన్నబుచ్చుతుంది. వాళ్లంతా ఒకే మాట మీద తలూపిన మనుషులన్నట్టు చేస్తుంది. వాళ్లు తలలూపినవాళ్లు కారు, తలలు పట్టుకుని వాదించుకున్నవాళ్లు.

దూరం వెళ్లనక్కర్లేదు. సాగర్ నీళ్ల కింద మునిగిన లోయను తలుచుకోండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికే అక్కడ తవ్వకాలు సాగుతున్నాయి. నీళ్లు వచ్చేలోగా, 1954 నుంచి 1960 దాకా, తవ్వగలిగినంత తవ్వారు. బయటపడింది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటిది. ఆ వంశంలో మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ మహాచైత్యానికి దానాలిచ్చిన బౌద్ధురాలు. అన్న యజ్ఞశాలలో, చెల్లెలు చైత్యం దగ్గర అన్నమాట. (ఆమె అక్కో చెల్లెలో మీరే తేల్చుకోండి, నాకు చెల్లెలు అనడం బాగుంది.) పోనీ బౌద్ధులైనా ఒక్క మాట మీద ఉన్నారా? అపరమహావినసేలియులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళం నుంచి వచ్చిన థేరవాదులు, ఎవరి విహారం వారిదే. ఈ పేర్లన్నీ అక్కడి శాసనాల్లో ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఒక్క లోయలో, ఒక్క రాజు ఇంట్లో, శాశ్వతమైన ఆత్మ ఉందనే మతం, లేదనే మతం కలిసి కాపురం చేశాయి. వీటిలో దేన్ని "భారతీయ దృక్పథం" అందాం?

ఇలాంటి ఊరు పడమట కూడా ఒకటుంది. ఫ్రాన్సులో లా ఫ్లెష్ అనే చిన్న పట్టణం. అక్కడి జెసూట్ కళాశాలలో రెనే డెకార్ట్ చదువుకున్నాడు. అన్నిటినీ అనుమానించవచ్చు గానీ అనుమానిస్తున్న నన్ను అనుమానించలేను, ఆలోచిస్తున్నాను కనుక ఉన్నాను అని 1637లో ప్రకటించినవాడు ఆయనే. దాదాపు వందేళ్ల తర్వాత, చేతిలో పెద్దగా డబ్బులేని స్కాట్లండు యువకుడు డేవిడ్ హ్యూమ్ అదే ఊరికి వచ్చి ఉన్నాడు. 1735 నుంచి 1737 దాకా అక్కడ కూర్చుని తన మొదటి పెద్ద గ్రంథం రాశాడు. 1739లో అచ్చయిన ఆ గ్రంథంలో ఆయన అన్నది ఇది: నాలోకి నేను ఎంత లోతుకు దిగి చూసుకున్నా వేడో చలో, వెలుగో నీడో, ప్రేమో ద్వేషమో, ఏదో ఒక అనుభవమే చేతికి తగులుతుంది, ఆ అనుభవాలు లేకుండా ఉత్త "నేను" ఎన్నడూ దొరకలేదు. డెకార్ట్ పునాదిరాయి అనుకున్నదాన్ని డెకార్ట్ బడి ఉన్న ఊళ్లోనే పీకేశాడు. ఆ జెసూట్లలో సయాం దాకా వెళ్లివచ్చినవారు ఉన్నారని, వారి ద్వారా బౌద్ధుల మాట హ్యూమ్ చెవిన పడి ఉండవచ్చని 2009లో అలిసన్ గోప్నిక్ అనే పరిశోధకురాలు ఒక ఊహ చేసింది. ఊహే, రుజువు లేదు. రుజువు దొరక్కపోయినా నాకు లోటు లేదు. ఇద్దరు మనుషులు నిజాయితీగా లోపలికి చూసుకుంటే ఒకే చోటికి చేరడం, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడం కన్నా గట్టి సాక్ష్యం.

కాబట్టి గీత తూర్పుకూ పడమరకూ మధ్య లేదు. రెండు చోట్లా ఒకే ప్రశ్న మీద ఇల్లు రెండుగా చీలింది. తెలియడం జరుగుతోంది, అది అందరూ ఒప్పుకున్నదే. ఆ తెలియడానికి వెనక తెలుసుకునేవాడు ఒకడు ఉన్నాడా? సాక్షి ఉన్నాడా, లేడా?

ఉన్నాడనేవారి మాట ముందు విందాం. బృహదారణ్యకోపనిషత్తులో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు: మనిషికి వెలుగేది? సూర్యుడు అంటాడు యాజ్ఞవల్క్యుడు. సూర్యుడు అస్తమిస్తే? చంద్రుడు. చంద్రుడూ లేకపోతే? అగ్ని. అగ్ని ఆరిపోతే? మాట, చీకట్లో కూడా పిలుపు వినబడిన వైపు నడవగలం కదా. మాట కూడా ఆగిపోతే? అప్పుడు ఆత్మే వెలుగు అంటాడు. చూడండి, జనకుడు ఒక్కొక్క దీపాన్నీ ఆర్పుకుంటూ వచ్చాడు. అన్నీ ఆరాక, ఆరిపోయాయన్న సంగతి తెలుస్తోందే, ఆ తెలివిడి దేనిది? మన పోతన గజేంద్రుడు "పెంజీకటి కవ్వల" వెలిగేవాడిని పిలిచింది ఈ దారిలోనే. పడమట ఇంతటి కవిత్వం లేకపోయినా ఇదే పక్షం ఉంది. 1787లో జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్, నా తలపులన్నిటితోనూ "నేను తలుస్తున్నాను" అన్నది తోడు రాగలగాలి, లేకపోతే అవి నావి కాకుండా పోతాయి అన్నాడు. అయితే కాంట్ జాగ్రత్తపరుడు. ఆ "నేను" ఒక వస్తువని, నిత్యమని చెప్పడానికి ఒప్పుకోలేదు. తలపులు కలిసి ఉండడానికి కావలసిన షరతు మాత్రమే అన్నాడు. ఉన్నది ఒక్క ఆత్మే అనే అద్వైతి ఇక్కడ కాంట్‌ను భుజం తట్టి, ఇంకొక్క అడుగు వెయ్యవయ్యా అంటాడు. కాంట్ వెయ్యడు.

లేడనేవారి మాట వినాలంటే పానగల్లు వెళ్లి రావాలి. ఇక్కడున్నవారిలో ఛాయా సోమేశ్వరాలయం చూడనివారు ఉండరు. గర్భగుడిలో లింగం మీద పొద్దంతా ఒక నీడ నిలిచి ఉంటుంది. సూర్యుడు నడుస్తాడు, నీడ నడవదు. స్తంభం నీడలాగే ఉంటుంది. వెళ్లినవాడల్లా వెనక్కి తిరిగి, ఇది ఏ స్తంభానిది అని వెతుకుతాడు. ఏ ఒక్క స్తంభానిదీ కాదని, ముందున్న స్తంభాల నడుమ నుంచి చెదిరి లోపలికి వచ్చే వెలుగు కూర్పు వల్ల అలా కనబడుతుందని తెలిసినవారు వివరిస్తారు. "నేను" సంగతీ అంతే అంటాడు బౌద్ధుడు. నీడ అబద్ధం కాదు, కళ్ల ముందే ఉంది. ఒక్కటిగా ఉంది, నిలకడగా ఉంది. దానికి సొంతదారైన స్తంభం మాత్రం లేదు. రూపం (శరీరం), వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తింపు), సంస్కారాలు, విజ్ఞానం (ఎరుక), ఈ ఐదు స్కంధాల మధ్య నుంచి అది పడుతోంది. విజ్ఞానం కూడా ఆ ఐదింట్లో ఒకటి మాత్రమే, వాటి యజమాని కాదు. కన్ను, రూపం కలిసినచోట చూపు ఎరుక పుడుతుంది. చెవి, శబ్దం కలిసినచోట వినికిడి ఎరుక పుడుతుంది. కారణం తొలగితే ఆ ఎరుక పోతుంది. అద్వైతి ఊరుకోడు. నీడ ఎలా పడితే అలా పడనీ, నీడను చూస్తున్నవాడి సంగతి చెప్పు అంటాడు. చూడడం జరుగుతోంది, అంతే అంటాడు బౌద్ధుడు. వెయ్యేళ్లకు పైగా వీళ్లు ఇక్కడే నిలబడి ఉన్నారు.

హ్యూమ్ కూడా వీళ్ల పక్కన నిలబడ్డాడు గానీ ఎక్కువసేపు నిలవలేకపోయాడు. 1740లో తన గ్రంథానికి అనుబంధం చేరుస్తూ, విడివిడి అనుభవాలు ఒక్క మనసుగా ఎలా కూడుకుంటున్నాయో తనకు అంతుబట్టడం లేదని ఒప్పుకున్నాడు. బౌద్ధులు దీని మీద తరతరాలు పనిచేశారు. క్షణక్షణానికి పుట్టి నశించే ఎరుకల వరుసను సంతానం అన్నారు. జ్ఞాపకాలు, అలవాట్లు విత్తనాల్లా నిలవ ఉండడానికి యోగాచార శాఖ బౌద్ధులు ఆలయవిజ్ఞానం అనే అంతస్తు కట్టారు. అది దొడ్డిదారిన వచ్చిన ఆత్మే కదా అని సాటి బౌద్ధులే దెప్పారు. ఇంకో తేడా కూడా ఉంది. ఈ ఆలోచనలతో బుర్ర వేడెక్కితే భోంచేసి, స్నేహితులతో పాచికలాడి వస్తాను, అప్పుడు ఇవన్నీ చల్లారి విడ్డూరంగా కనబడతాయి అని హ్యూమ్ స్వయంగా రాసుకున్నాడు. బౌద్ధ భిక్షువుకు ఆ సౌకర్యం లేదు. "నేను" లేదన్నది అతనికి దుఃఖం నుంచి బయటపడే దారి. తెలుసుకుంటే చాలదు, సాధన చెయ్యాలి. మన దర్శనాలన్నిటికీ, దేహాన్ని మించినది లేదనే ఒక్క చార్వాకం తప్ప, ఈ తొందర ఉంది. ఇల్లు తగలబడుతుండగా తలుపు వెతికేవాడి తొందర. తొందర వాదనకు పదును పెట్టింది నిజమే. ముగింపును ముందే పెట్టుకుని బయలుదేరడం కూడా నేర్పింది. ఈ రెండో మాట మనం సాధారణంగా చెప్పుకోం.

చార్వాకం మాట వచ్చింది కనుక దాన్నీ చూద్దాం. చైతన్యం నేల, నీరు, నిప్పు, గాలి అనే నాలుగు భూతాల కూడిక నుంచి పుడుతుంది, పులియబెట్టిన పదార్థంలో మత్తు పుట్టినట్టు, అన్నది వాళ్ల ప్రసిద్ధమైన వాదన. ఈ జిల్లా వాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. తెల్లవారుజామున తాటిచెట్టు నుంచి దించిన నీరా తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేసరికి పులిసి కల్లవుతుంది. మత్తును బయటి నుంచి ఎవరూ తెచ్చి కలపలేదు. విడి భాగాల్లో లేని గుణం కూడికలో వచ్చింది. ఇవాళ మెదడు శాస్త్రవేత్తల్లో చాలామంది చెప్పేది, పరికరాలు మారినా, మూలంలో ఇదే. జడవాదం పడమటి సరుకు అనేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. అది ఇక్కడా పండింది. చార్వాకుల గ్రంథాలు నిలవలేదు. వాళ్లను ఖండించినవారి పుస్తకాల్లో ముక్కలుగా మిగిలారు. ఓడించామని చెప్పుకునేవాళ్లే ఓడినవాళ్ల మాటను కాపాడిన విచిత్రం ఇది.

దీనికి జర్మనీలో లైబ్నిజ్ 1714లో ఒక జవాబు చెప్పాడు. ఆలోచించే యంత్రం ఒకటి ఉందనుకో, దాన్ని మిల్లంత పెద్దది చేసి లోపలికి నడిచి వెళ్లు, ఏం కనబడుతుంది? మిర్యాలగూడ వాళ్లు రైసు మిల్లు అనుకోండి. చక్రాలు, పట్టాలు, ఒకదాన్నొకటి తోసుకునే భాగాలు. ఎంత తిరిగినా "తెలియడం" అనేది ఒక్క మూలన కూడా కనబడదు. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో చార్వాకుడికి చెప్పిన సమాధానం దీనికి దగ్గరగా ఉంటుంది, దీనికన్నా లోతుగా కూడా ఉంటుంది. ఆయన రెండు వాదనలు చేశారు. మొదటిది: చచ్చిన శరీరంలో రూపం ఉంటుంది, చైతన్యం ఉండదు, కనుక అది శరీర ధర్మం కాదు. ఇది ఇవాళ నిలవదని నా అభిప్రాయం. ఆగిన మిల్లులో కూడా చక్రాలుంటాయి, తిరగడం ఉండదు. అంతమాత్రాన తిరగడం చక్రాల ధర్మం కాకపోదు. రెండోది బలమైనది: భూతాలు చైతన్యానికి తెలియబడే వస్తువులు, తెలియబడేదాని ధర్మమే తెలుసుకునేది ఎలా అవుతుంది? అగ్ని తనను తాను కాల్చుకోదు, ఎంత ఆరితేరిన నటుడైనా తన భుజం మీద తానెక్కలేడు. చార్వాకుడు ఈ రెండోదానికి తృప్తికరంగా జవాబిచ్చాడని నేను అనుకోను. ఇవాళ్టి వారసులు కూడా ఇవ్వలేదు. 1995లో ఆస్ట్రేలియా తత్త్వవేత్త డేవిడ్ చామర్స్ దీన్నే "కఠిన సమస్య" అన్నాడు. మెదడు ఏ పని ఎలా చేస్తుందో చెప్పగలం, ఆ పనితో పాటు లోపల అనుభవం ఎందుకుండాలో చెప్పలేకపోతున్నాం అని. 1998లో ఆయనతో క్రిస్టాఫ్ కోక్ అనే మెదడు శాస్త్రవేత్త పందెం కాశాడు, పాతికేళ్లలో మెదడులో చైతన్యపు జాడ స్పష్టంగా పట్టుకుంటామని. 2023లో న్యూయార్క్‌లో నిండు సభలో ఓటమి ఒప్పుకుని ఒక పెట్టె వైను సీసాలు సమర్పించుకున్నాడు. చార్వాకుడి ఉపమానానికి తగిన చెల్లింపే.

ఇంతసేపూ తూర్పు పడమరల పోలికలే చెప్పాను. నిజమైన తేడా ఒకటుంది. అది ఆత్మ దగ్గర లేదు, మనసు దగ్గర ఉంది.

డెకార్ట్ లోకాన్ని రెండుగా కోశాడు. చోటును ఆక్రమించే శరీరం ఇటు, ఆలోచించే మనసు అటు. ఆలోచన, సంకల్పం, అనుమానం, ఊహ అన్నీ అటువైపే. సాంఖ్య దర్శనం వాళ్లు కూడా లోకాన్ని రెండుగానే కోశారు, కత్తిని మాత్రం మరో చోట పెట్టారు. మనస్సు, బుద్ధి, అహంకారం, ఈ మూడూ ప్రకృతిలోవే. అంటే రాయీరప్పా ఉన్న వైపే. నిశ్చయించడం బుద్ధి పని, "నాది" అనడం అహంకారం పని, ఇవన్నీ జడం. అటువైపు మిగిలింది పురుషుడు ఒక్కడే. అతడు ఆలోచించడు, నిర్ణయించడు, ఏ పనీ చెయ్యడు, ఊరికే చూస్తాడు. ఒక్కసారి ఆలోచించండి. డెకార్ట్ తన ఉనికికి సాక్ష్యంగా చూపిన ఆలోచనను సాంఖ్యానికి మూలపురుషుడైన కపిలుడి శిష్యుడి ముందు పెడితే, నాయనా ఇది జడపదార్థం కదలిక, నువ్వింకా నీ దాకా రాలేదు అంటాడు. మనసు ఎలా పుట్టింది అన్న పడమటి తలనొప్పి సాంఖ్యుడికి అసలు లేదు. మనసు ప్రకృతి నుంచే పుట్టింది, అందులో వింతేముంది అంటాడు.

అయితే అతడి తలనొప్పి అతడికి ఉంది. 1643 మే నెలలో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ డెకార్ట్‌కు ఉత్తరం రాసింది. చోటే అక్కర్లేని ఆత్మ, చోటులో ఉన్న శరీరాన్ని ఎలా కదిలిస్తుంది, తాకకుండా తోయడం ఎలా? డెకార్ట్ రాసిన సమాధానాలు ఆమెను తృప్తిపరచలేదు. మర్యాదగానే, కానీ వదలకుండా అడిగింది. ఈ ప్రశ్న ఆమెకు ఎనిమిది వందల ఏళ్లకు పైగా ముందే సాంఖ్యులకు ఎదురైంది. పురుషుడు, ప్రకృతి కుంటివాడు, గుడ్డివాడిలా కలిసి నడుస్తారని సాంఖ్యకారిక చెబుతుంది. గుడ్డివాడి భుజాల మీద కుంటివాడు కూర్చుని దారి చూపుతాడట. శంకరులు పట్టుకున్నారు: కుంటివాడు కనీసం నోటితో చెబుతాడు, ఏమీ చెయ్యని మీ పురుషుడు ఏ నోటితో చెబుతాడు? ఎలిజబెత్, శంకరులు ఒకే బెంచీ మీద కూర్చోదగినవారు. శంకరుల విరుగుడు ఏమిటంటే రెండు లేవు, ఒకటే ఉంది అనడం. అది ప్రశ్నకు జవాబా, ప్రశ్న అడిగే చోటునే తీసేయడమా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

అసలు సంగతికి వస్తాను. ఈ పక్షాలన్నిటినీ ఒక్క చోట నిలబెట్టి పరీక్షించే స్థలం ఒకటుంది. అందరూ రోజూ రాత్రి అక్కడికి వెళ్లివచ్చేవారే. కల కూడా లేని గాఢనిద్ర.

డెకార్ట్ ప్రకారం మనసు స్వభావమే ఆలోచించడం. ఆలోచన ఆగితే మనసు లేనట్టే. కనుక నిద్రలోనూ, గర్భంలో ఉన్న పిండంలోనూ అది ఆలోచిస్తూనే ఉండాలి. మనకు గుర్తుండదు, అంతే. 1690 నాటి గ్రంథంలో జాన్ లాక్ దీన్ని ఎగతాళి చేశాడు. నాది మందబుద్ధి ఆత్మ కాబోలు, ఎప్పుడూ ఆలోచిస్తున్నట్టు నాకు తెలియడం లేదు అన్నాడు. కునుకు పట్టిన ప్రతిసారీ ఈ సిద్ధాంతం కుదుపు తింటుంది అన్నాడు. మనిషి ఆలోచిస్తూ, ఆలోచిస్తున్న సంగతి తనకే తెలియకపోవడం అంటే ఆకలేస్తూ ఆకలి తెలియకపోవడం లాంటిదన్నాడు.

ఈ ఎగతాళి ఉపనిషత్తులోనే ఉందంటే మీరు నమ్మాలి. ఛాందోగ్యం ఎనిమిదో అధ్యాయం చదవండి. ఆత్మను తెలుసుకోవాలని దేవతల తరఫున ఇంద్రుడు, అసురుల తరఫున విరోచనుడు ప్రజాపతి దగ్గరికి వెళ్లి ముప్ఫైరెండేళ్లు శుశ్రూష చేస్తారు. నీళ్లలో కనబడే నీ ప్రతిబింబమే ఆత్మ అంటాడు ప్రజాపతి. విరోచనుడు సంతోషంగా వెళ్లిపోయి దేహమే ఆత్మ అని చాటించాడు. ఇంద్రుడు దారిలో ఆగాడు. దేహం గుడ్డిదైతే ఆత్మా గుడ్డిదవుతుంది కదా అని తిరిగొచ్చాడు. మరో ముప్ఫైరెండేళ్లు. కలలో తిరిగేవాడే ఆత్మ అన్నాడు ప్రజాపతి. కలలోనూ ఏడుపులు, తరమడాలు ఉన్నాయే అని మళ్లీ తిరిగొచ్చాడు. ఇంకో ముప్ఫైరెండేళ్లు. కలలు లేని నిద్రలో ప్రశాంతంగా ఉన్నవాడే ఆత్మ అన్నాడు ప్రజాపతి. ఇంద్రుడు మళ్లీ దారిలో ఆగాడు. అతడి ఆక్షేపణ ఇది: ఆ నిద్రలో "నేను ఇది" అని తన్ను తానే ఎరగడు, వీళ్లెవరినీ ఎరగడు, నాశనమైపోయినట్టే ఉన్నాడు, ఇందులో నాకు మేలేమీ కనబడడం లేదు. చివరగా ఇంకో అయిదేళ్లు కలిపి మొత్తం నూటొక్క ఏళ్లు పట్టింది. అనుమానించే శిష్యుణ్ణి వెళ్లగొట్టకుండా, ప్రతిసారీ "నువ్వన్నది నిజమే" అని కూర్చోబెట్టుకున్న గురువును చూడండి. దేవతల రాజు నోట లాక్ మాట పలికించిన గ్రంథం అది. మన సంప్రదాయం ఆత్మ ఉందని నమ్మింది అని ఒక్క ముక్కలో చెప్పేవారు ఇంద్రుడు వెనక్కి తిరిగిన ఆ మూడు సార్లను మింగేస్తున్నారు.

అద్వైతులు ఇంద్రుడికి ఇచ్చిన జవాబు పేరుపొందినది. నిద్ర లేచి నువ్వేమంటావు? "హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అంటావు. ఇది జ్ఞాపకం. అనుభవం లేనిదే జ్ఞాపకం లేదు. కనుక ఏమీ తెలియకపోవడాన్ని కూడా తెలుసుకుంటూ ఒకటి అక్కడ ఉంది. చూడవలసిన రెండోది లేదు కనుక చూడలేదు గానీ, చూసేవాడి చూపు ఆరిపోలేదు అని యాజ్ఞవల్క్యుడు ముందే అన్నాడు. యోగసూత్రాలు కూడా నిద్రను చిత్తవృత్తుల్లో, అంటే మనసు కదలికల్లో, ఒకటిగా లెక్కవేస్తాయి తప్ప వృత్తుల లేమిగా కాదు.

న్యాయ దర్శనం వాడైన నైయాయికుడు దీన్ని ఒప్పుకోడు. నైయాయికుడికి ఆత్మ ఉంది, నిత్యమే, కానీ జ్ఞానం దానికి వచ్చిపోయే గుణం. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో రెండే ముక్కల్లో చెప్పాడు, జ్ఞానానికి ఆశ్రయమైనది ఆత్మ అని. మనస్సుతో సంయోగం ఉంటేనే జ్ఞానం పుడుతుంది. గాఢనిద్రలో ఆ సంయోగం తెగుతుంది, తెలివి ఉండదు. మరి "హాయిగా నిద్రపోయాను" అనే మాట? అది జ్ఞాపకం కాదు, అనుమానం, అంటే గుర్తులను బట్టి తేల్చుకోవడం, అంటాడు. ఒళ్లు తేలికగా ఉంది, మధ్యలో జరిగింది ఏదీ గుర్తు లేదు, కనుక హాయిగా నిద్రపోయి ఉంటాను అని ఊహించుకుంటున్నావు. అద్వైతి మళ్లీ లేస్తాడు: గుర్తు లేనంత మాత్రాన అనుభవం లేదని ఎలా ఊహిస్తావు? దారిలో చూసిన గడ్డిపోచలు గుర్తున్నాయా? అందుకని వాటిని చూడలేదంటావా? ఇది గట్టి దెబ్బే. రామానుజులు మూడో దారి తొక్కారు. నిద్రలో "నేను" మసకగా ఉంటుంది, విషయం లేని, ఎవరిదీ కాని ఉత్త చైతన్యం అనేది మాత్రం ఎక్కడా లేదు, ఎరుక ఎప్పుడూ ఒకరికి, ఒకదాన్ని గురించి ఉంటుంది అన్నారు. 1874లో తత్త్వవేత్త ఫ్రాంజ్ బ్రెంటానో, ఎరుక అంటేనే దేన్నో ఒకదాన్ని గురించిన ఎరుక అన్నప్పుడు, రామానుజుల మాటలో సగం పడమట మళ్లీ పుట్టింది.

నైయాయికుడి మోక్షం గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. ముక్తిలో మనస్సుతో సంబంధం శాశ్వతంగా తెగుతుంది కాబట్టి ముక్తుడికి సుఖం, దుఃఖం, జ్ఞానం ఏదీ ఉండదు. శ్రీహర్షుడు నైషధ కావ్యంలో చార్వాక పక్షం నోట దీన్ని చీల్చి చెండాడించాడు. తెలివున్నవాళ్లను రాళ్లుగా మార్చడానికి శాస్త్రం రాశాడట న్యాయసూత్రాల గౌతముడు! పక్కా అద్వైతి అయిన శ్రీహర్షుడు, న్యాయాన్ని తిట్టడానికి నాస్తికుణ్ణి అద్దెకు తెచ్చుకున్నాడు.

ఈ నిద్ర తగాదా పుస్తకాల్లోనే ఆగిపోలేదు. 2016లో జెన్నిఫర్ విండ్ట్, టోరే నీల్సెన్, ఎవాన్ థాంప్సన్ అనే ముగ్గురు, కలలేని నిద్రలో చైతన్యం పూర్తిగా పోతుందని ముందే అనుకోవడం సరికాదని, ఆ నిద్రలో రకాలున్నాయని పరిశోధక పత్రం ప్రచురించారు. థాంప్సన్ అద్వైతుల వాదననూ నైయాయికుల వాదననూ చదివి మరీ వచ్చినవాడు. చూశారా మన ఋషులే గెలిచారు అని దయచేసి అనకండి. ఏ ఋషి? యాజ్ఞవల్క్యుడా, గౌతముడా?

తెలియడం తనకు తానే తెలుస్తుందా, లేక తెలిసిందన్న సంగతి తెలియడానికి మరో తెలివి కావాలా అన్నది ఇంకో పెద్ద తగాదా. సమయం లేదు గనుక దాటేస్తున్నాను. దీపం తనను కూడా చూపుతుందని బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి పక్షం, రెండో తెలివి కావాలని న్యాయపక్షం. దీపంలో చీకటే లేనప్పుడు అది తనకు తాను వెలుగివ్వడమేమిటని ఆచార్య నాగార్జునుడు అంతకుముందే ఆ ఉపమానం వత్తి లాగేశాడు. ఇవాళ అమెరికాలో డేవిడ్ రోసెంతాల్ వంటి తత్త్వవేత్తలు రెండో తెలివి పక్షాన ఉన్నారు, వాదన దాదాపు అదే.

ఇక ప్రశ్నలు. చీటీలు రెండే వచ్చాయి.

మొదటి చీటీ డిగ్రీ విద్యార్థిది. "కంప్యూటర్ మనతో మనిషిలా మాట్లాడుతోంది కదా, దానికి చైతన్యం ఉన్నట్టేనా?" మంచి ప్రశ్న బాబూ. డెకార్ట్ ఈ రోజు ఉంటే ఇబ్బంది పడేవాడు. మాటకు తగిన మాట కూర్చడం యంత్రానికి సాధ్యం కాదని, మనిషినీ యంత్రాన్నీ వేరుచేసే గుర్తు అదేనని ఆయన రాశాడు. సాంఖ్యుడు ఇబ్బంది పడడు. లెక్క వెయ్యడం, ఎంచడం, మాట కూర్చడం, "నేను" అనడం కూడా జడపదార్థం చెయ్యగల పనులేనని అతడు మొదటి నుంచీ అంటున్నాడు. యంత్రంలో బుద్ధి ఉంది, పురుషుడు ఉన్నాడని దానివల్ల తేలదు అంటాడు. నువ్వు నీ పక్కవాడి గురించి కూడా అదే చెప్పలేవు కదా అని చార్వాకుడు నవ్వుతాడు. ఇక్కడ చార్వాకుడి నవ్వుకు నా దగ్గర జవాబు లేదు. పక్కవాడికి చైతన్యం ఉందని నేను నమ్మేది అతడు నాలాంటి శరీరంతో, నాలాగే పుట్టాడు కాబట్టి. యంత్రం విషయంలో ఆ ఆధారం కూడా లేదు. అందుచేత అది మాట్లాడిన మాటలను బట్టి ఏ వైపూ తేల్చలేమని నా అభిప్రాయం.

రెండో చీటీ పెద్దవారెవరో రాశారు. "అందరి మాటలూ చెప్పారు, మీరే పక్షమో చెప్పలేదు." చెబుతాను. ఆత్మ సంగతి అలా ఉంచి, గాఢనిద్ర విషయంలో నేను న్యాయ దర్శనం వైపు మొగ్గుతాను. ఆపరేషన్‌కు మత్తుమందు ఇచ్చాక మెలకువ వచ్చినవారిని అడిగి చూడండి. చాలామంది "హాయిగా నిద్రపోయాను" అనరు, "ఇప్పుడేగా మందిచ్చారు, అప్పుడే అయిపోయిందా" అంటారు. నిద్ర నుంచి లేచినవారికి ఎంతో కొంత సేపు గడిచిందన్న అంచనా ఉంటుంది, మత్తు నుంచి లేచినవారికి తరచుగా అదీ ఉండదు. సాక్షి ఎప్పటికీ ఆరిపోని వెలుగే అయితే, మందు చుక్కకు లోబడి ఆ కాలాన్ని అలా కత్తిరించినట్టు ఎందుకు వదిలేస్తాడు? అద్వైతి దగ్గర దీనికి జవాబుంది. మత్తులో సాక్షి ఉన్నాడు, గుర్తుపెట్టుకోవలసిన అంతఃకరణం, అంటే మనసు, పనిచెయ్యలేదు అంటాడు. అప్పుడు నేను అడిగేది ఒక్కటే: ఏ గుర్తూ మిగల్చని సాక్షి ఉన్నాడని మీకు చెప్పిందెవరు? నిద్ర లేచాక మిగిలిన జ్ఞాపకమే కదా మీ మొదటి ఆధారం. ఈ ప్రశ్నకు సమాధానం ఉన్న అద్వైతి ఈ సభలో ఉంటే, వేదిక మీదికి రండి. కుర్చీ ఖాళీగానే ఉంది, నేను కింద కూర్చుని వింటాను.